మావయ్యగారి ఊలు ఉండలు

ఎనభై ఒకటో సంవత్సరం శ్రావణంలో మా ఇంటికి స్వెట్టర్లు అల్లే మిషను వచ్చింది. "కోనసీమలో స్వెట్టరెవరు వేసుకుంటారే?" అని మా అత్తయ్యగారు అడిగిన మాటకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

మా అన్నయ్యకి లూధియానాలో ఉద్యోగం. అక్కడ ఇంటింటా ఆడవాళ్ళు ఈ మిషను మీదే అల్లుతారట. పక్కింటివాళ్ళు కొత్తది కొనుక్కుని పాతది వదిలించుకుంటుంటే నాకోసం తీసుకున్నానని, ఊలుతో సహా లారీలో వేశానని ఉత్తరం రాశాడు. రావులపాలెం పార్సెల్ ఆఫీసు నుంచి కబురొచ్చాక మా ఆయన భాస్కరరావు వెళ్ళి, బస్సు టాపు మీద వేయించుకుని కొత్తపేట తెచ్చారు. పెట్టె విప్పి చూస్తే పొడుగాటి ఇనప పలక, అందులో వరసగా రెండొందల సూదులు, ఆ సూదుల మీద అటూ ఇటూ తోయడానికి ఇస్త్రీపెట్టెలాంటిది ఒకటి.

"దీన్ని క్యారేజీ అంటారండి" అన్నాను, అన్నయ్య ఉత్తరం చూసి.

"క్యారేజీ అంటే అన్నం పెట్టుకెళ్ళేది కదుటే" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ పేరు మీనాక్షమ్మ. ఏ మాటైనా మొహమ్మీదే అనేస్తారు. "సరే, కార్తీకం వెళ్ళేదాకా చూస్తాను. అప్పటికి పని చేసిందా సరే. లేదా, అటకెక్కించేస్తాను."

నాకు అప్పుడు ఇరవయ్యారేళ్ళు. ఎస్సెల్సీ పాసై ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఏడేళ్ళయింది. ఆ ఏడేళ్ళలో కొత్తగా నేర్చుకున్నదంటూ ఏమీ లేదు. కాబట్టి ఆ సూదుల వరస కేసి ఎంత ఆశగా చూశానో చెప్పలేను. కానీ నాకంటే ముందు మా మావయ్యగారు చూశారు. మిషనుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని చూశారు.

మావయ్యగారు గౌరీశంకరంగారు హైస్కూల్లో ముప్ఫై మూడేళ్ళు తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. దిద్దడానికి పరీక్ష పేపర్లు లేక అప్పటికి రెండేళ్ళుగా కనబడినవన్నీ దిద్దుతున్నారు. పెళ్ళి శుభలేఖలు దిద్దేవారు. గోడల మీది సినిమా బొమ్మల్లో తప్పులు చూసి, ఇంటికొచ్చి మాకు చెప్పేవారు. అటువంటి మనిషి చేతికి అరవై పేజీల పుస్తకం దొరికింది.

"నువ్వు దాన్ని ముట్టుకోకమ్మా. ముందు శాస్త్రం తెలియాలి" అని నిఘంటువు తీసి, వీధి అరుగు మీద కూర్చుని ఆ పుస్తకాన్ని తెలుగులోకి మార్చడం మొదలెట్టారు. పదహారు రోజులు పట్టింది. నేను పదహారు రోజులు మిషను మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను.

పదిహేడో రోజున నోటుపుస్తకం పట్టుకుని నా వెనక నిలబడి చదివారు.

"నూలు యొక్క ఉద్రిక్తత అధికమైనచో అంచులు ముడుచుకొనును. ఉద్రిక్తత అల్పమైనచో ఉచ్చులు వేలాడును."

"ఉద్రిక్తత అంటే ఏంటండి మావయ్యగారూ?"

"టెన్షనమ్మా."

"టెన్షనంటేనండి?"

ఆయన కళ్ళజోడు తీసి నాకేసి జాలిగా చూశారు. లోపలినుంచి అత్తయ్యగారు "బిగువని చెప్పండి, పోతుంది కదా!" అని కేకేశారు.

ఆ బిగువుతోటే వచ్చింది గొడవంతా. ఊలు ఉండలోంచి పైకి వెళ్ళి, ఒక కడ్డీ చివర రెండు బిళ్ళల మధ్య నుంచి దూరి, మళ్ళీ కిందకి క్యారేజీలోకి రావాలి. ఆ బిళ్ళల్ని బిగించడానికి ఒక మర. క్యారేజీ మీద కుట్టు పెద్దదో చిన్నదో చెప్పే అంకెల చక్రం ఇంకోటి. ఈ రెండూ కుదిరితే క్యారేజీ ఒక్క తోపులో ఒక వరస అల్లేస్తుంది. మాకు కుదరలేదు. నాలుగు వరసలు బాగానే వచ్చేవి. ఐదో వరస మధ్యలో క్యారేజీ మొరాయించేది. గట్టిగా తోస్తే పది సూదులు కుట్లు వదిలేసేవి. అల్లిందంతా జారి ఒళ్ళో పడేది.

"ఉద్రిక్తత ఎంత పెట్టేవమ్మా?"

"ఆరండి."

"ఐదు పెట్టి చూడు."

"పొద్దున్న ఐదే పెట్టేనండి."

"అయితే ఏడు పెట్టు."

"నిన్న ఏడండి."

"నిన్న వాతావరణం వేరు. ఇవాళ ముసురుగా ఉంది. పెట్టు."

పెట్టాను. కుట్లు జల్లెడలా వచ్చాయి. సూదులు ఎండిపోయాయేమో అని అత్తయ్యగారు నేను స్నానానికి వెళ్ళినప్పుడు రెండొందల సూదులకీ కొబ్బరినూనె రాసేశారు. మర్నాటికి ఊలంతా మరకలు, మిషను నిండా చీమలు. ఆ సూదులు ఒక్కొక్కటే ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, కుట్టుమిషను నూనె వేసి మళ్ళీ పెట్టేసరికి రెండు రోజులు పట్టింది. రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో మొర పెట్టుకుంటే "నాన్నగారికీ నీకూ మధ్య నేను రాను. అమ్మకీ నీకూ మధ్య అసలే రాను" అని పెరుగన్నం కలుపుకున్నారు. ఆయన ఎవరి మధ్యకీ వచ్చే మనిషి కాదు.

అలాంటి సమయంలో నతానియేలుగారు వచ్చారు. ఆయన మావయ్యగారి దగ్గర చదువుకుని, ఏజెన్సీలో రంపచోడవరం అవతల పిల్లల హాస్టలుకి వార్డెనుగా చేస్తున్నారు. ఊరికొచ్చినప్పుడల్లా పళ్ళు తెచ్చి, అరుగు మీద కాసేపు కూర్చుని గురువుగారిని పలకరించి వెళ్ళడం ఆయన అలవాటు. కాఫీ ఇవ్వడానికి వెళ్ళేసరికి మావయ్యగారు అంటున్నారు:

"స్వెట్టర్లా? నువ్వు ఇంకెక్కడికీ వెళ్ళకు నాయనా. మా కోడలు అల్లుతుంది. ఎన్ని కావాలి?"

"నలభై అండి మాస్టారండీ. మా కొండల్లో కార్తీకం నించీ చలి పట్టేస్తాదండి. పిల్లలు దుప్పట్లు కప్పుకుని బడికొస్తున్నారండి."

"కార్తీక పౌర్ణమికి తీసుకెళ్ళు."

గ్లాసు అరుగు మీద పెట్టేసి లోపలికొచ్చేశాను. అప్పటికి నేను అల్లిన వాటిలో పెద్దది జానెడు గుడ్డ. అదీ ఒక పక్క వంకర.

ఆయన వెళ్ళాక మెల్లిగా అడిగాను. "మావయ్యగారూ, మనకింకా చేతకాలేదు కదండి?"

"చేతకాకపోవడమేంటమ్మా! మార్గం కనిపెట్టేను. లోపమంతా ఉండల్లో ఉంది. నువ్వు చుట్టే ఉండలు చూడు, బూజుపట్టిన లడ్డూల్లా ఎలా ఉన్నాయో. రేపటినించీ నేను చుడతాను."

ఊలు చిలపలుగా, అంటే పొడుగాటి పోగుల కట్టలుగా వస్తుంది. దాన్ని విప్పి ఉండగా చుట్టుకుంటే తప్ప మిషనుకి పెట్టలేం. ఆ ఉండలు చుట్టే పని అప్పటిదాకా మేం ఎవరికి తీరితే వాళ్ళం, ఆయన చదివి చెప్పినట్టు చేతనైనంత బిగువుగా చేసేవాళ్ళం. ఆ మర్నాటినుంచి అది మావయ్యగారిదైపోయింది. తెల్లవారి సంధ్యావందనం కాగానే చిలప ఒకటి కుర్చీ వీపుకి తగిలించి, ఎదురుగా కూర్చుని చుట్టేవారు. ఆయన వేళ్ళు సామాన్యమైనవి కావు. జంధ్యాల పౌర్ణమికి మా వీధి మొత్తానికి తకిలి మీద జంధ్యాలు వడికే వేళ్ళవి. ఆయన వడికిన పోగు మీటితే మోగేది. ఊలు కూడా అంతే బిగువుగా లాగి చుట్టేవారు. ఒక్కో ఉండా చెక్కతో చేసినట్టు నున్నగా, గుండ్రంగా ఉండేది. నేలమీద పెడితే టక్కున చప్పుడయ్యేది.

"చూసేవా! ఉండంటే అలా ఉండాలి" అనేవారు.

"ఆయ్, బాగుందండి" అనేదాన్ని.

భాద్రపదం అంతా అలాగే గడిచింది. క్యారేజీ మొరాయించడం ఎక్కువైందే గాని తగ్గలేదు. తోసి తోసి నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఉండ మొదట్లో ఒకలా, చివర్లో ఒకలా వచ్చేది అల్లిక. నెలాఖరుకి ఎలాగో ఒక స్వెట్టరు పూర్తి చేశాను. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు సరిగ్గా కొలతకి వచ్చాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఉతికి దండెం మీద ఆరేశాం. ఆరాక చూస్తే పన్నెండేళ్ళ పిల్లాడి స్వెట్టరు ఆరేళ్ళ పిల్లాడిదైంది.

"ఇదేం విడ్డూరమే! ఎండలో ఒడియాల్లా ముడుచుకుపోయింది" అన్నారు అత్తయ్యగారు.

మావయ్యగారు నోటుపుస్తకం తిరగేశారు. "ఉద్రిక్తత" అన్నారు.

ఆ మాట ఇంకొక్కసారి వింటే మిషను ఎత్తి కాలవలో పడేద్దామనిపించింది. ఆ సాయంత్రం అన్నయ్యకి ఉత్తరం రాశాను, ఇది నావల్ల కాదని, ఎవరికైనా ఇచ్చేస్తానని. కవరు అంటించాను గాని పోస్టు డబ్బాలో వేయలేదు. నలభైమంది పిల్లలు దుప్పట్లు కప్పుకుని బడికెళ్ళడం కళ్ళకి కట్టింది. గురువుగారి మాట మీద ఉన్న నతానియేలుగారికి ఏం చెప్పాలో తోచలేదు.

ఆ వెంటనే వచ్చిన శనివారం మావయ్యగారు పొద్దున్నే వాడపల్లి స్వామి దర్శనానికి వెళ్ళారు. నేను మిషను దగ్గర కూర్చున్నాను. రెండు గంటలు కుస్తీ పట్టేసరికి ఆయన చుట్టి పెట్టిన ఉండ అయిపోయింది. ఇంకోటి లేదు. విసుగొచ్చి ఒక చిలప తీసి, మూడు వేళ్ళు అడ్డం పెట్టుకుని, నోటికొచ్చినట్టు సణుక్కుంటూ, ఎలా పడితే అలా చుట్టాను. అది ఉండ కాదు, పిచ్చుక గూడు. మెత్తగా చతికిలబడి ఉంది. పోతే పోనీ అని దాన్నే బుట్టలో వేసి పోగు ఎక్కించాను.

క్యారేజీ తోశాను. వెళ్ళింది. వెనక్కి తోశాను. వచ్చింది. ఎక్కడా ఆగలేదు. పది వరసలు, ఇరవై, నలభై. అంకె మార్చలేదు. మర ముట్టుకోలేదు. సర్రు సర్రుమని ఒకటే చప్పుడు. వంటింట్లోంచి అత్తయ్యగారు చేతిలో అట్లకాడతో వచ్చి నిలబడ్డారు.

"ఏం చేసేవే?"

"ఏం చెయ్యలేదండి. ఉండ నేను చుట్టేనండి. వదులుగా."

అల్లిన ముక్క తీసి తడిపి ఆరేశాం. ఆరాక కొలిస్తే అంగుళం కూడా తగ్గలేదు. ఊలు రబ్బరులాంటిది. లాగి చుడితే సాగి ఉంటుంది, సాగినట్టే అల్లుకుంటుంది, నీళ్ళు తగలగానే మళ్ళీ ముడుచుకుంటుంది. నున్నటి గట్టి ఉండ పోగుని వదలనంటుంది, ఆ లాగుడుకి క్యారేజీ ఆగిపోతుంది. ఎవరూ చెప్పకుండానే ఆ మధ్యాహ్నం నాకంతా తెలిసిపోయింది.

అయినా అనుమానం తీరక మావయ్యగారి నోటుపుస్తకం తీశాను. ముప్ఫై నాలుగో పేజీలో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది: "ఊలును ఉండగా చుట్టునపుడు మిక్కిలి వదులుగా చుట్టవలెను." అందులో "వదులుగా" అన్న మాటని ఎర్రసిరాతో కొట్టేసి, పైన "బిగువుగా" అని దిద్దారు. పక్కన చిన్నగా, "మూలములో అచ్చుతప్పు."

రెండు నెలలు! అరచేతుల బొబ్బలు! ఆ ఎర్రసిరా గీత కేసి ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో.

"ఆయనకి ఎవరు చెప్తారండి?" అన్నాను.

"నీకు నోరుంది కదా, చెప్పు."

"మీరు చెప్పండి అత్తయ్యగారూ."

ఆవిడ అట్లకాడ కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకున్నారు. "రిటైరైన దగ్గర్నించీ ఆయన ఇంత హుషారుగా పొద్దున్నే లేవడం ఇదే మొదలే" అని లోపలికి వెళ్ళిపోయారు.

చెప్పలేదు. ఇద్దరం చెప్పలేదు. ఆ మర్నాటినుంచి ఒక కొత్త పని మొదలైంది. మావయ్యగారు పొద్దున్న ఐదు ఉండలు చుట్టేవారు. మధ్యాహ్నం భోజనం చేసి ఆయన కునుకు తియ్యగానే, నేను ఆ ఐదూ విప్పి మళ్ళీ వదులుగా చుట్టేదాన్ని. అత్తయ్యగారు మాట్లాడకుండా వచ్చి ఎదురుగా కూర్చుని, విప్పిన ఊలు మోకాళ్ళకి వేసుకునేవారు. ఒక పని మూడుసార్లు. వంట, వార్పు, ఇంటిపని చూసుకుంటూ. ఆయన గురక వినబడుతున్నంతసేపూ చుట్టడం, గురక ఆగితే దాచెయ్యడం. ఆశ్వయుజం సగానికి వచ్చేసరికి పద్నాలుగు స్వెట్టర్లయ్యాయి. అన్నీ ఒక్కలా ఉన్నాయి. ఉతికినా ముడుచుకోలేదు.

ఆ ఘనతంతా మావయ్యగారు తీసుకున్నారు. అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పేవారు. "రహస్యమంతా ఉండ చుట్టడంలో ఉందయ్యా. మావాళ్ళు రెండు నెలలు అవస్థ పడ్డారు. నేను చేయి పెట్టేను, దారిలోకొచ్చింది." అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టి, "నేను పోయేక నీకు తెలియాలి కదమ్మా" అని ఉండ గట్టిగా చుట్టడం నేర్పారు. నేను నేర్చుకున్నాను. పళ్ళు బిగబట్టి నేర్చుకున్నాను.

దీపావళి ముందు నతానియేలుగారు పని ఎంతవరకూ వచ్చిందో చూడ్డానికి వచ్చారు. మావయ్యగారి ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. "లోపలికి రా నాయనా, మిషను చూద్దువుగాని" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. అన్నేళ్ళలో ఆయన మా గడప దాటడం అదే మొదటిసారి. అత్తయ్యగారు ఒక్క క్షణం చూసి, కుర్చీ తెచ్చి వేశారు.

"అమ్మాయ్, ఆ ఉండ తీసెయ్యి. ఇది పెట్టు. ఇప్పుడే చుట్టేను. వీడికి చూపిద్దాం."

చేతిలోని ఉండ నాకిచ్చారు. చెక్కబంతిలా ఉంది. నేను అత్తయ్యగారి కేసి చూశాను. ఆవిడ నేల కేసి చూశారు.

పెట్టాను. తోశాను. రెండు వరసలు వెళ్ళింది. మూడో వరసలో కీచుమని ఆగింది. ఉండ బుట్టలోంచి ఎగిరి, గచ్చు మీద టకటకా దొర్లి నతానియేలుగారి కాళ్ళ దగ్గర ఆగింది. సగం స్వెట్టరు సూదులు వదిలి నా ఒళ్ళోకి జారింది.

నతానియేలుగారు వంగి ఆ ఉండ తీసి రెండు చేతులతో మావయ్యగారికి అందించారు. "పర్వాలేదండి మాస్టారండీ. మిషనన్నాక ఒకోసారి అంతేనండి."

మావయ్యగారు ఆ ఉండ పట్టుకుని, మిషను పక్కన నేను తీసి పెట్టిన రెండోదాన్ని కూడా అందుకున్నారు. ఒకటి కుడిచేతిలో, ఒకటి ఎడమచేతిలో. మెల్లిగా నొక్కి చూశారు. కుడిచెయ్యి నొక్కలేకపోయింది. ఎడమచేతిలోది దూదిలా అణిగింది. దాన్ని మళ్ళీ నొక్కారు. తర్వాత నా ముందు పెట్టారు.

"ఇది పెట్టి అల్లమ్మా" అని, నతానియేలుగారితో "పద, కాఫీ తాగుదాం" అంటూ బయటికి నడిచారు.

తర్వాత మూడు రోజులు ఆయన మిషను గదిలోకి రాలేదు. పొద్దున్న కుర్చీకి చిలప తగిలించలేదు. అరుగు మీద పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. దారినపోయేవాళ్ళని పిలవలేదు. నేను వండేదాన్ని, చుట్టేదాన్ని, అల్లేదాన్ని. ఇంకా పద్దెనిమిది మిగిలాయి. నిజానికి నాకు పని తగ్గింది. ముందు విప్పే బాధ లేదు. కానీ చేతులు సాగేవి కావు. కోపం కూడా వచ్చేది. అలిగితే అలగనీ, తప్పు నాదా, అనుకునేదాన్ని. వెంటనే ఆ అరుగు కేసి చూసేదాన్ని.

నాలుగో రోజు భోజనాల దగ్గర అత్తయ్యగారు గరిటె కంచానికి కొట్టి అన్నారు, "ఏమిటిది? మామాకోడళ్ళు మౌనవ్రతం పట్టేరా? ఆ పిల్లలకి చలెయ్యదా?"

ఆ మధ్యాహ్నం ఆయన కునుకు తియ్యలేదు. మిషను గదిలోకి వచ్చి, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. చిలప ఒకటి విప్పి, రెండు చేతులకీ తగిలించుకుని ముందుకి చాపారు.

"నువ్వు చుట్టు. నేను పట్టుకుంటాను."

కొస అందుకుని చుట్టడం మొదలెట్టాను. ఆయన చేతులు పోగు వచ్చే వైపుకి అటూ ఇటూ వంగుతున్నాయి. అంత దగ్గరగా, ఎదురెదురుగా మేమిద్దరం ఎప్పుడూ కూర్చోలేదు.

"ఎన్నాళ్ళనించీ?" అన్నారు కాసేపటికి.

"భాద్రపదం వెళ్ళిన దగ్గర్నించీ అండి."

"రోజూనా?"

"రోజూనండి."

"నేను చుట్టినవన్నీనా?"

"అన్నీనండి."

చిలప సగమైంది. "నాకు చెప్పొచ్చు కదమ్మా" అన్నారు.

నిజమే చెప్పాను. "మీరు వినరని భయపడ్డానండి."

వంటింటి గుమ్మంలో అత్తయ్యగారి గాజుల చప్పుడు ఆగిపోయింది. మావయ్యగారు ఊలు తగిలించుకున్న చేతులు అలాగే చాపి ఆలోచించారు.

"వినేవాణ్ణి కాదులే" అన్నారు. "సరే, ఇప్పుడు చెప్పు."

గొంతు సవరించుకున్నాను. "మీరు బాగా గట్టిగా చుడుతున్నారండి మావయ్యగారూ."

"గట్టిగా ఎక్కడ చుట్టేనమ్మా! ఉండన్నాక ఆమాత్రం..." అని గబుక్కున ఆగిపోయారు. నాకేసి చూశారు. ఆయన పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత నవ్వు బయటికొచ్చింది. నేనూ ఆపుకోలేకపోయాను. చిలప ఆయన చేతుల మీంచి జారి చిక్కుపడిపోయింది. ఆ చిక్కు తియ్యడానికి ముగ్గురికీ సాయంత్రం దాకా పట్టింది.

కార్తీక పౌర్ణమికి ముప్ఫై తొమ్మిదయ్యాయి. నలభయ్యోది మర్నాడు పొద్దున్న నతానియేలుగారు బస్సు కోసం నిలబడి ఉంటే, చెయ్యి అతికించి పరుగున తీసుకెళ్ళి ఇచ్చాను. పై ఏడాదికి అరవై కావాలని ఆయనే ఉత్తరం రాశారు. ఆ తర్వాత అమలాపురం నుంచి, రాజోలు నుంచి ఆడపిల్లలు నేర్చుకోడానికి వచ్చేవారు. పసిపిల్లల టోపీలు, శాలువలు అల్లేవాళ్ళం. మిషను అటకెక్కించే మాట అత్తయ్యగారు మళ్ళీ ఎత్తలేదు.

మావయ్యగారు ఇంకో తొమ్మిదేళ్ళు ఉన్నారు. ఆ తొమ్మిదేళ్ళూ ఉండలు ఆయనే చుట్టారు. చుట్టిన ప్రతి ఉండా తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, నేను నొక్కి చూసేదాకా అక్కడే నిలబడేవారు. సగంసార్లు గట్టిగానే ఉండేది. గట్టిగా ఉందండీ అని చెప్పేదాన్ని. సణుక్కుంటూ తీసుకెళ్ళి మళ్ళీ చుట్టేవారు.